రెక్కలో ఐదో అడ్డు ఈనె

సరిగ్గా పది నలభైకి అటెండరు పెద్దమ్మ ఫ్యాను కట్టేసి, టీ కప్పుల మీద సాసర్లు బోర్లించింది. రోజూ చేసే పనే. నిమిషం తిరక్కుండా బల్ల మీది రాతిపలకలోంచి పురుగు బయటికొచ్చి, టేబుల్ లైటు తీగను ముంగాళ్ళతో పట్టుకుని వేలాడింది.

రాతిలో దాని వయసు పదహారు కోట్ల ఏళ్ళు. పది యాభై ఒకటికి మళ్ళీ రాతిలోకి వెళ్ళిపోతుంది. ఆ పదకొండు నిమిషాలూ పలక ఖాళీ కనక, మ్యూజియంలో శిలాజాల గది వాళ్ళు అప్పుడే టీ తాగేవారు. ఎవరైనా పలక చూడ్డానికి వస్తే "బయటికెళ్ళింది, కాసేపాగి రండి" అనేవారు.

ఆ మంగళవారం గీతలక్క టీ ముట్టుకోలేదు. శిలాజాల బొమ్మలు గీయడం ఆమె ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా గీస్తున్నందుకు వచ్చిన పేరది. పదకొండేళ్ళ కిందట ఈ పురుగు రెక్కను గీసిందీ ఆమే. ఆకుకు ఉన్నట్టే రెక్కకూ ఈనెలుంటాయి. ఏది ఎక్కడ చీలింది, వాటిని కలిపే అడ్డు ఈనెలు ఎన్ని అన్నదాన్ని బట్టే పురుగు ఇంటిపేరు తేలుతుంది. ఆమె బొమ్మలో రెక్క కొస దగ్గర అడ్డు ఈనెలు ఐదు. దీని చుట్టాలన్నిటికీ నాలుగే. ఆ ఐదోదాన్ని చూసే దీనికి కొత్త ప్రజాతి పేరు పెట్టారు.

ఇప్పుడు వేరే దేశం నుంచి ఒక పండితుడు ఉత్తరం రాశాడు. ఐదోది ఈనె కాదు, రాయి శుభ్రం చేసేటప్పుడు పడ్డ సూది గీత అని.

"శుక్రవారం మీ కాంట్రాక్టు సంతకానికి వస్తుంది," అన్నారు డైరెక్టరు గారు పొద్దున్నే, ఉత్తరాన్ని నాలుగు మడతలు పెడుతూ. "లేని ఈనె గీసినవాళ్ళకి నేనెలా సంతకం పెట్టనమ్మా? ఉందో లేదో తేల్చండి."

అదే తేలడం లేదు. అప్పట్లో రాతికి పూసిన వార్నిష్ కింద ఈనె అయినా గీత అయినా ఒకేలా కనిపిస్తుంది.

"తీగ మీదుందిగా, దాన్నే చూస్తే పోలా?" అంది పెద్దమ్మ.

"ముడుచుకునే వేలాడుతుంది పెద్దమ్మా. ఇన్నేళ్ళలో ఒక్కసారి రెక్క విప్పితే ఒట్టు. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ కంటికే అందదు."

రాళ్ళు శుభ్రం చేసే మనిషి గొంతు సవరించుకున్నాడు. అతనికీ పనిని బట్టే పేరు స్థిరపడింది, సూది అని. "అక్కా, ఆ రాయి గీకింది నేనే. చెయ్యి జారిందో లేదో గుర్తులేదు."

"నిన్న ఏం తిన్నావో కూడా నీకు గుర్తుండదు."

"తినడమంటే గుర్తొచ్చింది. ఈ రకం వెనక కాళ్ళతో వేట పట్టుకుంటుంది. పట్టుకున్నది కొట్టుకుంటుంటే రెక్కలు విప్పక ఏం చేస్తుంది?"

"ఇన్నాళ్ళూ దాని ముందు కూర్చుని తాగాం," అంది పెద్దమ్మ. "తిన్నావా అని ఒక్కళ్ళయినా అడిగామా? పదహారు కోట్ల ఏళ్ళ ఆకలి!"

అంటూనే పేపరు మడిచి కిటికీ అద్దం మీది ఈగను ఒక్కటేసింది. అది చావలేదు. సూది దాన్ని పట్టకారుతో తీగ దగ్గరికి అందించాడు. పురుగు వెనక కాలు ఒకటి నెమ్మదిగా సాగి ఈగను చుట్టుకుంది. ఈగ గిలగిలలాడింది. తీగ ఊగింది. నాలుగు రెక్కలూ విచ్చుకున్నాయి.

గీతలక్క లెన్సు పెట్టింది. కొస నుంచి లెక్కపెట్టింది. రెండో వైపూ లెక్కపెట్టింది.

"ఎన్నక్కా?"

"నాలుగు."

"సరిగ్గా చూడవే," అంది పెద్దమ్మ.

"సరిగ్గానే చూశాను. వెలుతురు పడితే ఎలా ఉన్నాయో నువ్వూ చూడు," అని లెన్సు ఆమె చేతికిచ్చింది గీతలక్క.

తర్వాత బీరువాలోంచి పాత బొమ్మ తీసింది. నల్ల సిరా రబ్బరుతో పోదు. బ్లేడు అంచుతో ఐదో ఈనెను గీకి, ఆ చోటు వేలిగోటితో నున్నగా రుద్దింది. కింద "నాలుగే. ఐదోది నా పొరపాటు" అని రాసి తేదీ వేసింది.

"నా పేరు రాయక్కా."

"నువ్వు గీకావు, నేను గీశాను. అచ్చయింది నా గీత."

ఈ గొడవలో పది యాభై ఒకటి దాటింది. తీగ ఖాళీగా ఉంది. పలక వైపు ఎవరూ చూడలేదు.

శుక్రవారం సంతకం పడలేదు. గీతలక్క పెన్నులు పాత గుడ్డలో చుట్టుకుని ఇంటికెళ్ళిపోయింది. ఆమె దిద్దిన బొమ్మనీ, పలకకు తీయించిన కొత్త ఫొటోనీ డైరెక్టరు గారు తప్పు ఒప్పుకుంటూ పండితుడికి పంపారు.

తొమ్మిది రోజులకు జవాబొచ్చింది. అందులో ఈనెల ఊసే లేదు. పురుగు వెనక కాళ్ళలో వేట ఉందనీ, వేటతో సహా రాయైన దాన్ని తానింతవరకూ చూడలేదనీ, తన గీతను తానే చెరిపేసిన చెయ్యే దాన్ని గీయాలనీ రాశాడు. ఆ రోజే గీతలక్క మూడేళ్ళ కాంట్రాక్టు మీద సంతకం పడింది.

మర్నాడు గీతలక్క పది గంటలకే వచ్చి పలక మీద లెన్సు పెట్టింది. రాతిలోని ఈగ ఎడమ రెక్క అంచు చిరిగి ఉంది, పెద్దమ్మ పేపరు దెబ్బ తగిలిన చోట.