మడమ కింద మేకు

పాదాల ఆసుపత్రిలో చిట్టచివరి గది చెప్పులావిడది. షుగరు జబ్బుతో స్పర్శ పోయిన పాదాలకు మెత్తటి చెప్పులు కుట్టడం ఆమె పని. ముల్లు దిగినా తెలియని కాళ్ళవి. అందుకే కుట్టిన ప్రతి చెప్పులోనూ చెయ్యి పెట్టి, మూలమూలా తడిమి చూశాకే బయటికి ఇస్తుంది. ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ మానలేదు.

ఆ రోజు చక్రాల కుర్చీలో వచ్చిన ముసలాయన ముఖం ఆమె చూడలేదు. కాగితం మీద పాదం పెట్టించి చుట్టూ గీస్తుంటే, బొటనవేలి కంటే పొడుగ్గా ఉన్న రెండో వేలి దగ్గర పెన్సిలు ఆగిపోయింది. ముప్పై ఏళ్ళ కిందట, ఇప్పుడే వస్తానని గడప దాటి మళ్ళీ రాని పాదం అది. ఆ రోజు ఆమె కిటికీలోంచి వీధి మలుపు దాకా చూసింది. మొగుడు ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు.

అతను ఆమెను పోల్చుకోలేదు. ముఖానికి మాస్కు, లావు కళ్ళజోడు, నెరిసిన తల. "కితకితలు పెట్టినా తెలియదమ్మా దానికి. బండరాయి అనుకుని గీసెయ్యి" అని నవ్వాడు. మడమ పుండు ఎముక దాకా పోయిందట. వేరేచోట కాలు తీసేయాలన్నారట. ఇక్కడి సర్జను కుళ్ళిన ఎముక వరకే చెక్కేసి, మూడు నెలలు కష్టపడి కాలు నిలబెట్టాడట. మళ్ళీ పుండు పడితే మాత్రం మోకాలి దాకా పోయినట్టేనని చెప్పాడట.

ఆ మాట ఆమె చెవిలో దిగి కూర్చుంది.

వారానికి జత సిద్ధమైంది. కుడి చెప్పు మడమ దగ్గర, మెత్తటి పొర కింద, చిన్న మేకును మొన పైకి వచ్చేలా నిలబెట్టింది. నాలుగు రోజులు నడిస్తే పొర అణిగి మొన తేలుతుంది. ఆ ఒక్క చెప్పులో మాత్రం ఆమె చెయ్యి పెట్టలేదు.

ఈసారి అతను చేతికర్రతో వచ్చాడు, వెంట భార్య. చెప్పు అందుకోగానే ఆవిడ లోపలికి చెయ్యి పోనిచ్చి తడిమింది.

"రోజూ నేనే చూస్తానక్కా. ఈయనగారు వంగరు. పాత జతలో గాజుపెంకు ఉంటే నా వేలే తెగింది" అని మచ్చ చూపించింది.

అంటే మేకు ముందు ఈ చేతికే దిగుతుంది. అతను ఎప్పటిలాగే ఏమీ అంటకుండా నడిచిపోతాడు. ఆ ఊహకే చెప్పులావిడ ఒళ్ళు మండిపోయింది. చెప్పు వెనక్కి లాక్కుని, వాళ్ళ ఎదుటే పొర విప్పి, పటకారుతో మేకు పీకింది. పొర అతికించి, వేళ్ళతో తడిమింది. తరువాత మాస్కు తీసి, మేకును అతని అరచేతిలో పెట్టింది.

"మీ మడమ కోసం పెట్టింది. తీసేశాను."

అతను ఆ ముఖాన్ని పోల్చుకున్నాడు.

"నువ్వా? సర్జనుగారికి చెప్తాను."

"చెప్పండి. ఎందుకు పెట్టానో కూడా మీరే చెప్పాలి. ఇలాంటి చెప్పులు ఈ చుట్టుపక్కల కుట్టేది నేనొక్కదాన్నే. ఆరు నెలలకో జత మార్చాలి. ఇకనుంచి మీరే వంగి చూసుకోండి. ఆవిడ చెయ్యి పెట్టనివ్వకండి."

"ఎవరండీ ఈవిడ?" అంది భార్య. అతను ఆ చెప్పులే తొడుక్కుని, కర్ర ఊనుకుంటూ బయటికి నడిచాడు.

చెప్పులావిడ కిటికీ దగ్గరికి వెళ్ళింది. అతను పది అడుగులు వేసి ఆగాడు. మెట్టు మీద కూలబడి, మూలుగుతూ వంగి, కుడి చెప్పు విప్పి లోపల చెయ్యి పెట్టాడు. గేటు దగ్గర మళ్ళీ అదే పని. మలుపు తిరిగేలోగా మూడుసార్లు వెనక్కి తిరిగి కిటికీకేసి చూశాడు.

ఆమె కదలకుండా నిలబడి, మూడూ చూసింది.