సెలీనా చెప్పులు రాలేదు

బోరబండలో ఆ గల్లీ వాళ్ళకి ఎక్కడికైనా పోవాలంటే ముందురోజు చెప్పుల్ని పంపి చూసుకోవడం అలవాటు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక గుమ్మం బయట చెప్పులు విడిచి, పోవలసిన చోటు పేరు వాటికి చెప్పి, లోపలికొచ్చి కాసేపు నడుం వాల్చేవాళ్ళు. లేచేసరికి చెప్పులు ఉండేవి కావు. దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చి గుమ్మం ముందుండేవి. వాటి వాలకం చూసి మర్నాటి ప్రయాణం సంగతి తేల్చుకునేవాళ్ళు. రేషన్ షాపుకి పంపిన జత మడమల దగ్గర అణిగిపోయి వస్తే వరస పెద్దగా ఉన్నట్టు. నీలమ్మ తన మరిది ఇంటికి పంపిన చెప్పులు ఒకసారి గంటలోపే తిరిగొచ్చేశాయి. "కూసోమని గూడ అనలేదు సూడు" అని ఆమె ప్రయాణం మానుకుని, కొనుక్కొచ్చిన మిఠాయి గల్లీ పిల్లలకి పంచేసింది.

ఉద్యోగానికి మాత్రం ఎవరూ చెప్పుల్ని పంపేవాళ్ళు కాదు. జీతమిచ్చే చోటు ఎలా ఉన్నా పోక తప్పదు, తెలుసుకుని చేసేదేముంది.

బురదతో వచ్చినా, వారు తెగి వచ్చినా ఫికరు లేదు, రావడమే ముఖ్యం. ఆ గల్లీలో అప్పటిదాకా రెండు జతలే రాకుండా పోయాయి. మొదటిది నీలమ్మ మొగుడు ఎల్లేశంది. లారీ మీద పోతున్నానని చెప్పుల్ని ముందు పంపాడు, అవి రాలేదు, అయినా ఎక్కాడు, ఆ లారీ మూడో రోజు లోయలో దొరికింది. రెండోది సెలీనా అన్న బెన్నీది. జీడిమెట్లలో ఒక రసాయనాల యూనిట్లో పని దొరికితే, కొత్తచోటు కదా అని చేరబోయే ముందురోజు చెప్పుల్ని పంపాడు. అవి రాకపోతే నవ్వి, కాన్వాస్ బూట్లు తొడుక్కున్నాడు. వాళ్ళమ్మ రెబెక్కా నర్సు, డ్యూటీకి ఆలస్యమవుతోందన్న హడావిడిలో ఉండి "నీ ఇష్టం నాయనా" అంది. పదకొండు గంటలకి అక్కడ రియాక్టరు పేలింది. చెప్పులు దొరకలేదు. బెన్నీ దొరికిందీ కొంతే.

అది జరిగి మూడేళ్ళు. ఆ మూడేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ పాట పాడలేదు. పాడొద్దని ఎవరూ అనలేదు, అలా జరిగిపోయింది.

సెలీనాకి పాట లేకపోతే గడవదు. ఆమె పని మాదాపూర్‌లో, కొత్తగా కట్టిన గుండ్రటి అద్దాల మేడకి వెనక సందులో. అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి చెప్పి రికార్డు చేసినదాన్ని చెవులకి తగిలించుకుని వింటూ టైపు చేయాలి. కంప్యూటర్లకి దుమ్ము పడదని చెప్పులు గది బయటే విడిపించేవాళ్ళు. ఒట్టి కాలితో కింద ఉన్న పెడలు తొక్కితే డాక్టరు గొంతు నడుస్తుంది, కాలు తీస్తే ఆగుతుంది. రోజుకి ముప్ఫై నలభై మంది జబ్బులు ఆమె వేళ్ళ మీదుగా పోయేవి. వాళ్ళు బతికారో పోయారో ఎప్పుడూ తెలిసేది కాదు. ఆ తెలియకపోవడమే ఆమెకి పాటగా వచ్చేది. వంటింట్లో జారిపడి రెండు రోజులు లేవలేకపోయిన ఒక ముసలామె మీద పాట కట్టింది:

రెండు రోజులు నేలమీద పండుకున్నదమ్మా,
కుక్క ఒక్కటే తలాపున కూసున్నదమ్మా.

అలాంటివి పదకొండు పాటలయ్యాయి. చర్చి పాటల బృందం చూసే కిరణ్ పాల్‌కి ఒకటి వినిపిస్తే, బాగానే విని, "ఇందులో ప్రభువు పేరేదమ్మా?" అన్నాడు. ఆఫీసులో పాడిందంటే రోగుల గుట్టు బయటపెట్టిందని ఉద్యోగం ఊడుతుంది. ఇంట్లో సరేసరి. ఇక మిగిలింది పొద్దున షిఫ్టు వ్యాన్లో వెనక సీటు, పక్కన ఏంజెల్. ఏంజెల్ అదే గల్లీ పిల్ల, అదే ఆఫీసు. ఆమె ఒక్కతే వినేది.

తొంభైతొమ్మిది జనవరిలో ఒక కాగితం పట్టుకొచ్చింది కూడా ఏంజెలే. జిరాక్స్ తీసిన చేతిరాత. గచ్చిబౌలి దాటాక గుట్టల్లో శుక్ర, శని, ఆదివారాలు పాటల మకాం. గుడారం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి, ఎవరి వంట వాళ్ళే వండుకోవాలి, ఎవరి పాట వాళ్ళే కట్టి ఉండాలి. కింద ఏ కంపెనీ పేరూ లేదు, ఏ మిషన్ పేరూ లేదు.

"ఏ మిషన్ వాళ్ళదీ కాకపోతే మరి ఎవరిదే?" అంది రెబెక్కా.

"ఎవరిదీ కాదమ్మా. పాడేవాళ్ళదే."

"నీళ్ళెక్కడివి? ఆడపిల్లలు బయటికి పోవాలంటే మరుగుందా? ఎవరికన్నా జ్వరమొస్తే చూసేదెవరు?"

పక్కింటి నీలమ్మ గడపలో బియ్యం ఏరుతూ, "గుట్టల్ల పాములుంటయ్ బిడ్డా. ఇంట్ల పండుకునేటోళ్ళకే నిద్ర వస్తలేదు, బండల మీద పండుకుంటరంట" అంది.

వారం రోజులు సెలీనా అటూ ఇటూ ఊగింది. శుక్రవారం, శనివారం సెలవంటే సూపర్‌వైజరు మొహం మాడ్చుకుంటాడు. చలికి గొంతు పట్టేస్తే పాడేదేమిటి. పోయి, ఒక పాట పాడి, ఎవరూ తలెత్తి చూడకపోతే? ఇవన్నీ వ్యాన్లో ఏంజెల్‌కి వరసగా చెప్పింది. ఏంజెల్ కిటికీలోంచి చూస్తూ విన్నది.

"పోతే ఏమొస్తదంటే నాకేం తెల్వదు. కని నువ్వు పోకుంటె ఏమైతదో తెలుసు. నీ పాటలు నేనొక్కదాన్నే వింట. నాకు పెండ్లయితే అది గూడ లేదు. ఇగ ఆలోచించుకో."

ఆ మాట సెలీనాకి తగలాల్సిన చోటే తగిలింది. గురువారం షిఫ్టు దిగి వచ్చి అన్నం తిన్నాక, వారు దగ్గర రెండు కుట్లు వేయించిన గోధుమరంగు చెప్పుల్ని గుమ్మం బయట విడిచి, "గచ్చిబౌలి గుట్టలు, పాటల మకాం" అని చెప్పింది. నాలుగిళ్ళ అవతల ఏంజెల్ కూడా తన చెప్పులకి అదే చెప్పింది.

దీపాల వేళకి ఏంజెల్ చెప్పులు వచ్చాయి. వాటినిండా ఎర్రమట్టి, వారులో ఇరుక్కున్న పల్లేరు కాయ, వంటల దగ్గర తిరిగినట్టు బూడిద. ఏంజెల్ వాటిని చేత్తో పట్టుకుని సంబరంగా పరిగెత్తుకొచ్చింది. సెలీనా గుమ్మం ముందు ఖాళీగా ఉంది. ఏంజెల్ తన చెప్పుల్ని వెనక దాచుకుంది.

తెల్లారినా అవి రాలేదు.

రెబెక్కా ఆ పొద్దున డ్యూటీకి పోలేదు. మూటగట్టిన దుప్పటి మీద చెయ్యి వేసి కూర్చుంది. మొహంలో ఏడుపు లేదు, కోపం లేదు. అదే చూసి సెలీనాకి భయమేసింది.

"నిన్ను పోవద్దని నేననను. నీ ఇష్టం అమ్మా" అంది. మూట ముడి సర్దుతూ, "మీ అన్నతో కూడా ఇదే మాటన్నాను" అంది.

సెలీనా మూట విప్పి దుప్పటి దండెం మీద వేసింది. పాటల నోటుబుక్కు తీసుకుని గల్లీ చివరకి నడిచింది. అక్కడ ఏంజెల్ టార్పాలిన్ చుట్టతో ఆటోలో కూర్చుని ఉంది.

"ముసలామె పాట నువ్వు పాడు. చరణం దగ్గర తొందరపడకు" అని బుక్కు చేతికిచ్చింది.

"నువ్వు లేకుండ నేనేం పాడుత సెలీనా."

"నీ చెప్పులు వచ్చినయిగా. పో."

తల్లి ఆసుపత్రి చెప్పులు తొడుక్కుని సెలీనా ఆఫీసుకి పోయింది. ఆ సాయంత్రం రెబెక్కా మోకాళ్ళూని, కూతుర్ని దక్కించినందుకు దేవుడికి స్తోత్రం చెల్లించింది. శనివారం పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం కూడా. సెలీనా మాత్రం పక్కవీధి టీ హోటల్లో పేపరు తిరగేసింది. గచ్చిబౌలి దగ్గర ఏదో ఒకటి జరిగుండాలి. పిడుగు పడడమో, గోడ కూలడమో, లారీ గుద్దడమో. పాపమని తెలిసీ, ఆ వార్త కనబడితే బాగుండునని వెతికింది. ఆదివారం చర్చిలో కూడా, కళ్ళు మూసుకున్నప్పుడు ఆమె కోరుకున్నది ఆ వార్తనే. పేపర్లో ఏమీ లేదు. గచ్చిబౌలి చల్లగా ఉంది, ఆకాశంలో మబ్బు లేదు.

సోమవారం నుంచి ఇద్దరికీ రాత్రి షిఫ్టు. ఆ పొద్దున ఏంజెల్ వచ్చింది. ఎండకి మొహం కమిలి, గొంతు బొంగురుపోయి ఉంది. రెబెక్కా ఇచ్చిన చాయ్ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని చాలాసేపు తాగలేదు.

"ఏమైనా అయిందా అక్కడ?" అంది సెలీనా.

"ఏం గాలేదు. అందరు మంచిగనే ఉన్నరు." గ్లాసు కింద పెట్టింది. "నీ చెప్పులు ఆడనే ఉన్నయ్."

గడపలో నీలమ్మ చేట పక్కన పెట్టింది.

"మేం పోయేసరికే ఉన్నయ్, మైకు ముంగట. ఎవ్వరు తియ్యలే. వాటి ఎనక నిలబడి పాడిన్రు అందరు. నీ పాట వంతొస్తె నేను గూడ ఎనకనే నిలబడ్డ. పాట అయినంక పుణ్యవతమ్మ అని ఒక పెద్దామె లేచొచ్చి, ఇది నీ పాట గాదు, ఎవరిది అన్నది. చెప్పిన. ఆమెకు ఒక పాత బండి ఉన్నది, ఎనిమిది మంది ఉంటరు, ఊరూరు తిరిగి పాడుతరు. ఒక పాట కట్టెటోళ్ళ కోసం రెండేండ్ల సంది చూస్తున్నదట. ఈ చెప్పులామె వస్తది అని కూసున్నది. నేను రాదు అన్న. ఎందుకు రాదు, చెప్పులొచ్చినయ్ గద అన్నది. ఆదివారం మాపటి దాక చూసింది."

"నువ్వేమన్నావే?" అంది రెబెక్కా.

"ఆమె చెప్పులు ఇంటికి తిరిగి రాలేదమ్మా, అందుకే రాలేదు అన్న. ఆమె నా దిక్కు వింతగ చూసింది. మా దగ్గరికి వచ్చినోళ్ళల్ల ఎవరు తిరిగి పోయిన్రు బిడ్డా, ఇదే మా ఇల్లు అన్నది."

సెలీనా గోడకి ఆనుకుంది. ఆమెకి ముందు అర్థమైంది, ఆ వెంటనే రెబెక్కాకి. నీలమ్మ, తనలో తను అనుకుంటున్నట్టు, "మనకెట్ల తెలుస్తది సిస్టరమ్మా. మన గల్లిల సచ్చిపోయి రానోళ్ళే గని, బతికి రానోళ్ళు యాడున్నరు" అంది.

"ఇప్పుడెక్కడుంది ఆ బండి?" సెలీనా అప్పటికే లేచి నిలబడింది.

"జహీరాబాద్ దిక్కు పోయింది. ఆడికెళ్ళి యాడికో వాళ్ళకే తెల్వదట, ఎవరు పిలిస్తె ఆడికి." ఏంజెల్ తల దించుకుంది. "బండి కదిలేటప్పుడు నీ చెప్పులు మెట్టెక్కినయ్. పుణ్యవతమ్మ జరిగి జాగ ఇచ్చింది. నేను పిలిచిన సెలీనా. అవి ఆగలే."

సెలీనా వాకిట్లోకి వచ్చి, ఒట్టి కాళ్ళతో గల్లీ సగందాకా నడిచింది. పోవడానికి ఒక చోటంటూ ఉండాలి, దానికో పేరుండాలి. పాలవాడి సైకిల్‌కి దారి ఇచ్చి పక్కకి నిలబడింది, మళ్ళీ ఇంట్లోకి వచ్చింది.

ఏంజెల్ నోటుబుక్కు తిరిగిచ్చి వెళ్ళిపోయింది. నీలమ్మ చేట తీసుకుని వెళ్ళింది. మధ్యాహ్నానికి వంటయ్యింది. తల్లీకూతుళ్ళిద్దరూ కంచాల ముందు కూర్చున్నారు.

"ఏదీ, ఆ పాట నాకోసారి వినిపించు" అంది రెబెక్కా.

మూడేళ్ళలో ఆమె అడగడం అదే మొదలు. సెలీనా గొంతు సర్దుకుని మొదలుపెట్టింది. మాటలొచ్చాయి, పాట రాలేదు. ముసలామె ఏ గదిలో పడిందో, ఎన్ని గంటలు నేలమీదుందో, తలాపున ఏముందో ఒక్క మాటా తప్పకుండా చెప్పింది. చరణం తిరిగే చోట ఆగింది. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. రెండోసారీ అంతే. డ్యూటీ మారేటప్పుడు ఒక నర్సు ఇంకో నర్సుకి వార్డు అప్పజెప్పేటట్టు ఉంది. రెబెక్కాకి ఆ గొంతు ఎన్నేళ్ళుగానో తెలుసు, రోజూ ఆసుపత్రిలో అదే గొంతుతో తనూ చెప్తుంది.

"పాట ఎటో పోయిందమ్మా" అంది సెలీనా. ఏడవలేదు. ఆ సంగతి కూడా అదే గొంతుతో చెప్పింది.

రెబెక్కా అన్నం ముందు కళ్ళు మూసుకుంది. మూడు రోజులుగా పూటపూటా, కూతురు బతికి కళ్ళ ముందుందని స్తోత్రం చెల్లిస్తోంది. ఇప్పుడూ కూతురు బతికే ఉంది, కళ్ళ ముందే ఉంది. స్తోత్రమన్న మాట మాత్రం నోటికి రాలేదు. కళ్ళు తెరిచి, కూతురి కంచంలో పప్పు వేసి, చల్లారిపోకముందే తినమంది.