గురువారం మగ్రిబ్ దాకా

"ఇది నా ఉజూ తువ్వాలు. దీంతో పొయ్యి తుడిచావా?"

సాయంత్రం నమాజుకు ముందు ముఖం, చేతులు కడుక్కుని, మోచేతుల నుంచి నీళ్లు కారుతుండగా వంటగది గుమ్మంలో నిలబడి అడిగాడు మా వాడు.

"పొయ్యి కాదు, పొయ్యి గట్టు," అంది కోడలు. "పాలు పొంగాయి. చేతికి అందింది తీసుకున్నా. ఇటివ్వండి, ఉతికేస్తాను."

"ఉతికితే మాత్రం మసి పోతుందా? ఇంట్లో గుడ్డలకు కరువొచ్చిందా?"

"దర్జీల ఇంట్లో గుడ్డలకేం కరువు! ఏది దేనికో తెలిసి చావట్లేదంతే. ఒక్కోదానికీ ఒక లేబుల్ కుట్టి పెట్టండి బాబూ, చదువుకున్నదాన్నేగా, చదువుకుంటాను."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోవాల్సింది, ఆపుకోలేదు. మా వాడు తువ్వాలు నేల మీద పడేసి తడి చేతులతోనే మసీదుకు వెళ్లిపోయాడు. తిరిగొచ్చి అన్నం తిన్నాడు. నాతో మాట్లాడాడు, వాళ్ల నాన్నతో మాట్లాడాడు. ఆమె వడ్డించబోతే మాత్రం కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. అది సోమవారం.

మా ఇంట్లో మగవాళ్లు అరవరు, చెయ్యెత్తరు. నా పెళ్లిచూపుల నాడే మా పుట్టింటివాళ్లకు ఈ మాట చెప్పారు, అది నిజమే. కోపమొస్తే మాట మానేస్తారు. సాటి ముస్లింతో మూడు రోజులకు మించి మాట మానకూడదని ప్రవక్త చెప్పారు గనక మూడు రోజులు దాటనివ్వరు. మా లెక్కలో రోజు మారేది పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజుతో. సోమవారం మగ్రిబ్‌కు మొదలైన కోపం గురువారం మగ్రిబ్‌కు ఒక సలాంతో ముగుస్తుంది. మా మామగారు అత్తగారితో అలాగే చేశారు. మా ఆయన నాతో అలాగే చేశారు. కోపం తొందరగా చల్లారడానికి పెట్టిన గడువును వీళ్లు తమకు మంజూరైన సెలవులా వాడుకున్నారు. ఒక్క పూట కూడా మిగల్చరు.

ఆ సోమవారం మధ్యాహ్నమే కోడలికి ఫోన్ వచ్చింది. పెళ్లికి ముందు ఆమె ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసేది. అదే ఆసుపత్రి వాళ్లు ఇప్పుడు డయాలసిస్ విభాగంలో ఉద్యోగం ఇస్తామన్నారు. ముందు వేరే ఊళ్లో పన్నెండు వారాల శిక్షణ. వస్తుందో రాదో గురువారం సాయంత్రం ఐదులోపు చెప్పాలి. అన్నాల దగ్గర భర్తకు చెబుదామని దాచుకుంది. పాలు పొంగింది కూడా ఆ ఆలోచనలోనేనేమో.

మంగళవారం సంగతంతా చీటీలో రాసి అతని క్యారియర్‌లో పెట్టింది. మడత విప్పకుండానే చీటీ తిరిగొచ్చింది, మూత కింది ఆవిరికి మెత్తబడి.

"నువ్వే ముందు సలాం చెప్పమ్మా," అన్నాను. "ముందు చెప్పినవాళ్లే మేలైనవాళ్లు."

"చెప్పానత్తమ్మా. జవాబివ్వకపోతే పాపం కదా, అందుకని పెదాలు కదిపారు. నాకు వినపడకుండా జాగ్రత్తపడ్డారు."

"సబర్ చెయ్యి, ఓపిక పట్టు. గురువారం మగ్రిబ్‌కి వాడే మాట్లాడతాడు."

"ఐదింటికి జవాబు చెప్పాలి. మగ్రిబ్ ఆరున్నరకి."

"చూద్దాంలే," అన్నాను. ఆ మాటతో ఈ ఇంట్లో ఎన్ని సంగతులకు మూత పెట్టానో.

బుధవారం క్యారియర్ నేనే తీసుకుని దుకాణానికి వెళ్లాను. మా ఆయన బల్ల మీద కోటు గుడ్డ పరిచి సుద్దతో గీతలు గీస్తున్నారు. ఊళ్లో ఆయన్ను అందరూ మాస్టర్ అంటారు. ఆదివారాలు సాయంత్రం అసర్ నమాజు తర్వాత కుర్రాళ్లను కూర్చోబెట్టి సహనం గురించి చెబుతారు. "కుట్టు లోపల రెండంగుళాల గుడ్డ వదలండి నాయనా. మనుషులు లావవుతారు, మారతారు. ఇంట్లోవాళ్ల విషయంలోనూ అంతే," అంటారు. వినేవాళ్లకు కళ్లు చెమరుస్తాయి. నాకూ ఒకప్పుడు చెమర్చేవి.

ఉద్యోగం సంగతి, ఐదు గంటల గడువు సంగతి చెప్పాను. మా వాడు నాలుగడుగుల దూరంలో మిషను మీద ఉన్నాడు.

"మొగుడూ పెళ్లాల మధ్య మనమెందుకు?" అన్నారు ఆయన సుద్ద దించకుండా. "రేపు మగ్రిబ్‌కి వాడే పలకరిస్తాడు. మూడు రోజులు దాటనివ్వడు. ఆ మాత్రం దీన్, ధర్మం నేర్పాను వాడికి."

"అప్పటికి గడువు దాటిపోతుంది కదండీ."

"నసీబులో ఉంటే ఇంకోటొస్తుంది. సబర్ చెయ్యమను."

మిషను చప్పుడు ఆగింది. నేను తల తిప్పి చూశాను. మా వాడు వంచిన తల ఎత్తలేదు. మళ్లీ మిషను నడిచింది.

ఇంటికి నడిచొస్తుంటే పాత సంగతొకటి గుర్తొచ్చింది. పాతికేళ్ల కిందట ఇలాంటి మూడు రోజుల్లోనే మా నాన్నకు బాగాలేదని కబురొచ్చింది. ఆ కోపం ఎందుకో కూడా ఇప్పుడు గుర్తులేదు, ఏదో తెగిన బొత్తాం. ఆయన పలకరించాక అడుగుదామని ఆగాను. మూడో రోజు మగ్రిబ్‌కు సలాం చెప్పి, సంగతి విని, పరుగున వెళ్లి బస్సు టిక్కెట్లు తెచ్చారు. దారంతా నా సంచీ ఆయనే మోశారు. మేం చేరేసరికి ఖననం అయిపోయి నాలుగు గంటలైంది. "ముందే చెప్పాల్సింది కదా," అన్నారు. వచ్చినవాళ్లంతా నా సబర్‌ను మెచ్చుకున్నారు.

ఆయన్ను క్షమించాను. నిజంగానే క్షమించాను, అల్లాహ్‌కు తెలుసు. కానీ దేన్ని క్షమించానో ఆయనకు ఏనాడూ చెప్పలేదు. తండ్రి మాట మానడం, తల్లి ఆగడం చూస్తూనే మా వాడు పెరిగాడు.

గురువారం మూడున్నరకు కోడలి గదిలోకి వెళ్లాను. ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"ఫోన్ చెయ్యమ్మా. వస్తానని చెప్పెయ్. వాడితో నేను మాట్లాడుకుంటాను."

"నిన్న పొద్దున్నే చెప్పేశానత్తమ్మా."

"నాతో అననే లేదే?"

"మీరు చూద్దాంలే అన్నారుగా." కోపంగా అనలేదు. చొక్కా కాలరు వేళ్లతో సాఫు చేసి పక్కన పెట్టింది.

ఆ సాయంత్రం అజాన్‌కు ఐదు నిమిషాల ముందు మా వాడు గుమ్మంలోంచే "అస్సలాము అలైకుమ్" అన్నాడు, గట్టిగా, నవ్వుముఖంతో. ఆమె జవాబు చెప్పింది. నమాజు నుంచి వచ్చాక అందరం అన్నాలకు దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి కూర్చున్నాం. వాడు సంచీలోంచి రెండు కొత్త తువ్వాళ్లు తీశాడు. అంచుకు నీలం దారంతో ఒకదానిపై 'ఉజూ' అని, ఇంకోదానిపై 'వంటిల్లు' అని కుట్టి ఉంది.

"చదువుకున్నదానివిగా, చదువుకో," అన్నాడు.

మా ఆయన పగలబడి నవ్వారు. "చూశావా? మూడు రోజులు నిండకుండానే వచ్చాడు, ఐదు నిమిషాలు ముందే!" అన్నారు నాతో.

వాడి ముఖంలో ఆశ నిజమైనదే. ఎంత ఓపికగా కుట్టి ఉంటాడో ఆ అక్షరాలు చూస్తే తెలుస్తోంది. కోడలు కుట్టు మీద వేలు పోనిచ్చి చూసింది. "బాగా కుట్టారు," అని తువ్వాళ్లు పక్కన పెట్టింది. "సోమవారం నేను శిక్షణకు వెళ్తున్నాను. వస్తానని చెప్పేశాను."

"నాతో ఒక్క మాటైనా చెప్పకుండానా?"

"చీటీ రాశాను."

"నేను చూడలేదు. నాకేం తెలుసు?" అని నా వైపు తిరిగాడు. చిన్నప్పుడు గ్లాసు పగలగొట్టినా ఇలాగే నా వైపు తిరిగేవాడు.

"నిన్న దుకాణంలో నేను చెప్తుంటే నీ మిషను ఆగింది నాయనా," అన్నాను.

వాడు చేతిలో ముద్ద తిరిగి కంచంలో పెట్టేశాడు.

"అన్నం ముందు ఏంటీ పంచాయితీ?" అన్నారు ఆయన. "అమ్మాయ్, సబర్ అనేది..."

"మీరు ఆగండి," అన్నాను. ఆయనతో ఆ మాట అనడం అదే మొదలు. "మా నాన్న పోయినప్పుడు నేను ఆగింది మీ సలాం కోసం."

ఆయన నా ముఖంలోకి చూశారు. "ఇన్నేళ్లకా చెప్పడం?" అన్నారు.

"అవును. ఆ తప్పు నాది." కోడలి వైపు తిరిగాను. "నీతో నేనూ వస్తానమ్మా. అక్కడ గది తీసుకుని ఉందాం."

"వద్దత్తమ్మా," అంది. "మీరూ నన్ను ఆగమనే అన్నారు. ఒక్కదాన్నే వెళ్తాను. రోజూ ఫోన్ చేసి నలుగురిలా మాట్లాడతాను, ఎవరితోనూ మాట మానను. పన్నెండు వారాలయ్యాక ఈ ఇంటికి వస్తానో రానో ముగ్గురికీ ఒకేసారి చెప్తాను. అందాకా మీరు సబర్ చెయ్యండి."

అలా అని, తన మామగారికి పొలమారుతుంటే నీళ్ల గ్లాసు ఆయన దగ్గరకు జరిపింది.