పది లెక్కపెట్టేలోగా

మిట్టమధ్యాహ్నం నాపరాయి మీద అరచెయ్యి ఆనిస్తే చుర్రుమంటుంది.

పది లెక్కపెట్టేదాకా తియ్యకూడదు. అదీ పందెం.

గొర్రెలు నీడకు చేరిన వేళ, చేని కంచెకు నిలబెట్టిన నాపరాళ్ళలో అక్క ఒక రాయికి, తమ్ముడు ఒక రాయికి చెయ్యి ఆనించేవాళ్ళు. ఒకటి... రెండు... మూడు... ఆరు దగ్గర నందిని తీసేసేది. తిరుపాల్ పది దాకా ఉండేవాడు. వేళ్ళ కొనలు మాత్రమే తగిలించి దొంగాట ఆడుతున్నాడని ఆమెకు తెలుసు. తెలిసీ ఊరుకునేది. చిన్నవాడు కదా.

ఇప్పుడా రాళ్ళు కాలవు.

నీళ్ళ అడుగున ఉన్నాయి.

జమ్మలమడుగుకు అవతల రిజర్వాయరు నిండిన ఏడు ఊరు మునిగింది. కంచె మునిగింది. పీర్ల చావిడి మునిగింది. గొర్రెల దొడ్డి మునిగింది. మేపుకునే బీడు లేక తండ్రి ఎర్రన్న మందను అమ్మేశాడు. తాతల నాటి మంద... ఒక్క పొద్దులో లారీ ఎక్కింది. ఇప్పుడతను పులివెందుల దగ్గర ఎవరిదో చీనీ బత్తాయిల తోటకు కాపలా ఉంటున్నాడు. నందిని ప్రొద్దుటూరులో ఫ్లెక్సీలు కొట్టే అంగట్లో కంప్యూటరు ముందు కూర్చుంటుంది. పుట్టినరోజులు, చావులు, గెలుపులు — ఏదైనా సరే, అందరి మొహాలూ తెల్లగా చేయడం ఆమె పని.

తిరుపాల్ నీళ్ళు రాకముందే కువైట్ పోయాడు. అక్కడ ఎడారిలో పరాయి గొర్రెలు కాస్తున్నాడు. ఊరు మునగడం అతను చూడలేదు. రెండేళ్ళకొకసారి సెలవిస్తారు. రెండుసార్లు ఇచ్చారు. రెండుసార్లూ రాలేదు.

"ఊరే లేకపాయె. యాడికి వచ్చేదక్కా?"

ఆ మాటకు జవాబుగా ఆమె ఊరు కట్టింది.

నవ్వొద్దు. ఫోన్లో ఆడే ఆట ఒకటుంది. పదహారు మంది ఒకేసారి దిగి ఒకరినొకరు కాల్చుకునే ఆట. దాంట్లో ఎవరికి కావలసిన చోటు వాళ్ళు కట్టుకోవచ్చు — గోడలు, దారులు, మెట్లు. మ్యాప్ అంటారు. లోకమంతా దాంట్లో కోటలు కట్టింది, యుద్ధభూములు కట్టింది. నందిని పల్లె కట్టింది.

ఎండకు అంగడి మూసే రెండు గంటలు ఆమెవి. ప్రతి మధ్యాహ్నం. రెండేళ్ళు. బండలు కోసే ఫ్యాక్టరీ ముందు నిలబడి నాపరాళ్ళ ఫోటోలు తీసుకుంది. ఒకే రాయిని నూరుసార్లు అతికిస్తే పని తేలిక. కానీ కంచెలో ఏ రెండు రాళ్ళూ ఒకటి కావని మంద వెంట తిరిగినవాళ్ళకు తెలుసు. నూరు రాళ్ళకు నూరు ఫోటోలు తీసింది.

కొలతల కోసం ఆదివారాలు పులివెందుల బస్సెక్కింది. చీనీచెట్ల కింద ఎర్రన్న ఫోనును దూరంగా పట్టుకుని, కళ్ళు చిట్లించి చూశాడు.

"చావిడి అరుగు ఇంత ఎత్తు లేదు పాపా. మోకాలంతే."

తగ్గించింది.

"ఈ రాయి రోంత ఎడమకు జరుపు. పొట్టేలు కుమ్మి వంగింటాది, సూడు."

జరిపింది. వంచింది.

"ఇప్పుడు శానా బాగుంది." తెర మీద దొడ్డి వైపు వేలు చూపించాడు. "మంద యాడమ్మా?"

గొర్రెలు పెడితే ఆట బరువెక్కి ఆగిపోతుంది. ఆ మాట ఆమె చెప్పలేదు. "మేతకు పోయినాయి నాయనా," అంది. ఎర్రన్న తలూపాడు. అబద్ధమని తెలిసే ఊపాడు.

కట్టడం అయిపోయిన రోజు ఆట ఒక ప్రశ్న అడిగింది. ఈ మ్యాప్‌కు వేరేవాళ్ళు నకలు తీసుకుని మార్చుకోవచ్చా?

ఆమె ఆలోచించలేదు. సరేనని గుర్తు పెట్టింది.

కోత అయిన చేలో ఎవరి మందైనా మేయొచ్చు. కాదనకూడదు. ఈ రోజు మనం కాదంటే రేపు మన మంద పస్తుంటుంది — గొర్రెలోళ్ళ ఇంట్లో పాలతో పాటు తాగే నీతి అది. తన కోత అయింది. ఇక ఎవరైనా రానీ... అనుకుంది. మేసి పోయేవాళ్ళే ఆమెకు తెలుసు. చేనును ఎత్తుకుపోయేవాళ్ళు తెలియదు.

మొదట తిరుపాల్ వచ్చాడు.

ఇక్కడ రెండున్నర. అక్కడ పన్నెండు. గొర్రెలు రేకుల నీడకు చేరే వేళ. ఆట మొదలయ్యే బస్టాపు దగ్గర దిగాడు. అందరూ పరుగెత్తే ఆటలో అతను నడిచాడు. కంచె... చావిడి... బావి... ఫోన్లో అతని ఊపిరి మాత్రమే వినబడింది.

"అక్కా... ఆ వంగిన రాయి గూడా పెట్టినావే."

"నాయన చెప్పినాడు."

ఇంటి గడప దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

"ఈ తూరి సెలవుకు వస్తాలే," అన్నాడు.

ఆమె అంగడి వెనక్కి పోయి ఏడ్చింది. సంతోషంతోనే ఏడ్చింది.

తర్వాత మిగతావాళ్ళు వచ్చారు. వచ్చి, తిట్టి పోయారు. ఒక్క తుపాకీ లేదేంటి? కడప పల్లె అని పేరు పెట్టి ఒక్క బాంబు లేదేంటి? నడవడానికైతే పార్కుకు పోతాం కదా! నందిని అన్నీ చదివింది. తుపాకీ పెట్టలేదు. మొండిది.

నెల తిరక్కుండా ఇంకో మ్యాప్ వచ్చింది. పేరు 'సీమ పగ'.

అదే బస్టాపు. అదే కంచె. అదే వంగిన రాయి. చావిడి అరుగు మీద మాత్రం బాంబుల గుట్ట. బావి పక్కన మండుతున్న జీపు. గోడలకు నెత్తురు. వేలమంది దిగారు. దాన్ని చేసినవాడెవడో... వాడు మాత్రం నకలుకు సరేనని గుర్తు పెట్టలేదు. మేసినవాడు కంచె వేసుకున్నాడు.

జనం రాని మ్యాపును మూడు నెలలకు తీసేస్తారట. ఆ నియమం ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది. ఒక మంగళవారం ఆమె ఫోను తెరిస్తే ఊరు లేదు.

రెండోసారి మునిగింది. ఈసారి నీళ్ళు కూడా అక్కరలేకపోయాయి.

మళ్ళీ కట్టొచ్చు. కడితే మాత్రం ఎవరొస్తారు? మూడు నెలలకు మళ్ళీ మునగాల్సిందే. ఆదివారం ఎర్రన్న అడిగాడు — "ఊరు ఎట్లుంది పాపా?"

"బాగుంది నాయనా."

తిరుపాల్‌కు మాత్రం అబద్ధం చెప్పలేకపోయింది. అతను అంతా విని ఒక్కటే అడిగాడు.

"ఆ రెండోదాంట్లో మనిల్లు ఉందంట గదక్కా."

"ఉంది. పోతే కాలుస్తార్రా."

"కాల్చనీ. గడప దాంక పోతే సాలు. పోయినాక టికెట్టు చేపిచ్చుకుంటా."

మొక్కుకున్నవాడిలా అన్నాడు. సెలవు కావాలో వద్దో గురువారం లోపల యజమానికి చెప్పాలి.

రోజూ మధ్యాహ్నం ఇద్దరూ బస్టాపులో దిగారు. రోజూ చచ్చారు. చావిడి దగ్గర ఒకసారి. కంచె మొదట్లో మూడుసార్లు. దిగీ దిగకముందే ఎన్నోసార్లు... చచ్చిన ప్రతిసారీ మళ్ళీ బస్టాపే.

ఈరోజు గురువారం.

కంచె వెంబడి వంగుకుని, రాయి చాటు నుంచి రాయి చాటుకు, పొట్టేలు వంచిన రాయి దాకా వచ్చారు. ఇంత దూరం ఎప్పుడూ రాలేదు. అక్కణ్ణుంచి గడప కనబడుతుంది. పది అడుగులు.

తిరుపాల్ మైకు తెరిచాడు. ఆటలో ఉన్న అందరికీ వినబడేలా.

"అప్పా... మేము ఆడేదానికి రాలేదప్పా. ఇంటికి పోతాండాం. అదో, ఆ ఇల్లే. రోంతసేపు కాల్చద్దండప్పా."

తుపాకులు ఆగాయి.

నిజంగానే ఆగాయి.

తర్వాత ఎవడో పగలబడి నవ్వాడు. "రేయ్, వీడెవడ్రా! సీమ యాస భలే దించాడ్రా! ఇంకోసారి చెప్పు బ్రో!"

తిరుపాల్ ఇంకోసారి చెప్పాడు.

అదే గొంతుతో. అదే మాట. నమ్ముతారనుకుని చెప్పాడు.

నవ్వులు పెద్దవయ్యాయి. ఆ నవ్వుల్లోనే తుపాకులు పేలాయి. ముందు తమ్ముడు పడ్డాడు. వెంటనే అక్క పడింది.

చచ్చినవాళ్ళు మళ్ళీ లేవడానికి ఆటలో పది అంకెలు. అంతవరకూ పడిన చోటే చూపు. ఇప్పుడు చూపు నిండా ఒక నాపరాయి... వంగిన నాపరాయి. దాని వెనక, అందనంత దగ్గరలో, గడప.

పది... తొమ్మిది...

ఫోన్లో దూరంగా గొర్రెల అరుపు. ఎవరో అరబ్బీలో గట్టిగా పిలుస్తున్నారు.

"యజమాని పిలుస్తాండాడక్కా."

"ఏం జెప్తావురా?"

ఇసుకలో చెప్పుల చప్పుడు దూరమైంది.

ఎనిమిది... ఏడు... ఆమె అరచెయ్యి చాపి తెర మీది రాయికి ఆనించింది. ఆరు దగ్గర తియ్యలేదు.

మూడు... రెండు...

బస్టాపు.

నందిని ఒక్కతే నిలబడి ఉంది. పక్కన తమ్ముడు దిగే చోటు ఖాళీగా ఉంది. ఎదురుగా కంచె నాపరాళ్ళ మీద మిట్టమధ్యాహ్నపు ఎండ — ఆమె పెట్టిన ఎండే. ఎంతసేపు చెయ్యి ఆనించినా చుర్రుమనదు.