ఫణికి మీసం పెట్టిన ఫొటో

అద్దం మీద బోర్లా పడుకోబెట్టిన మొహాలను కింద నుంచి చూసే యంత్రాన్ని నేను. స్కానర్ అంటారు. ఎక్కడో పరదేశపు ఫ్యాక్టరీలో పుట్టి, కాకినాడ మెయిన్ రోడ్డులో ఒక ఫొటో స్టూడియోకి చేరాను. అక్కడ నా ముందుకొచ్చిన మొహాల్లో చాలామంది అప్పటికే లోకంలో లేరు. ఏ గుర్తింపు కార్డు మీదిదో బొటనవేలంత ఫొటో తెచ్చి, "పెద్దది చేసివ్వండి, దండ వెయ్యాలి" అనేవారు. బతికుండగా ఒక్క మంచి ఫొటో తీయించడానికి తీరిక లేని మనుషులకు, పోయాక ఫ్రేము రంగు గురించి అంతసేపు వాదించుకునే ఓపిక ఎక్కడి నుంచి వచ్చేదో!

అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక స్టూడియో మూతపడింది. సామాన్లన్నీ తలో చోటికీ పంపేస్తూ యజమాని నన్ను హైమవతికి ఇచ్చేశాడు. ఆవిడ జగన్నాథపురంలో ఉండే స్కూలు టీచరు. ఇంట్లో భర్త భాస్కర్, ఆవిడ తల్లి సత్యవేణమ్మ. అట్టపెట్టె నిండా పాత ఆల్బమ్‌లు. ఫొటోలు ప్లాస్టిక్ కాగితాలకు అతుక్కుపోయి, అంచుల్లో బూజు పట్టాయి. పూర్తిగా పాడవకముందే వాటిని నా ద్వారా కంప్యూటర్‌లోకి ఎక్కించి, చుట్టూ పువ్వులూ అంచులూ పెట్టి, కింద నాలుగు ముక్కలు రాసి, పేజీలుగా అమర్చాలని హైమవతి సంకల్పం. వీడియోలు చూసి ఆ విద్య నేర్చుకుంది. ఒక ఫొటోలోంచి మనిషిని తీసి ఇంకో ఫొటోలో అతికించడం కూడా నేర్చుకుంది.

ఒక మధ్యాహ్నం తన పెళ్లి ఫొటోను స్కాన్ చేసి పేజీ తయారుచేస్తుంటే, సత్యవేణమ్మ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"ఇందులో వాణ్ని కూడా పెట్టడానికి అవుతుందేమిటే?"

హైమవతి చెయ్యి ఆగింది. "ఎవర్నమ్మా?" తెలిసే అడిగింది.

"ఫణిని. ఉండుంటే నీ పెళ్లిలో ఎక్కడ నిలబడేవాడు? నీ పక్కనే కదా."

ఫణీంద్ర హైమవతి తమ్ముడు. పదో ఏట మెదడువాపు జ్వరం వచ్చి పోయాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ వాడి పేరెత్తలేదు. ఇన్నేళ్లకు తల్లి నోట ఆ పేరు వినేసరికి హైమవతికి కాదనబుద్ధి కాలేదు. వాడి స్కూలు ఫొటోను నా అద్దం మీద పెట్టింది. తెల్లచొక్కా, నీలం నిక్కరు, నూనె రాసి దువ్విన జుట్టు. ఆ పిల్లాణ్ని పెళ్లికూతురి పక్కన నిలబెట్టింది. సత్యవేణమ్మ తెర మీద వాడి బుగ్గ తడిమింది. ఆ పూట మారు అన్నం పెట్టించుకుంది.

అక్కడితో ఆగిపోతే బాగుండేది. అన్నవరం వెళ్లినప్పటి ఫొటోలోకి ఫణి వచ్చాడు. గృహప్రవేశంలోకి వచ్చాడు. కొన్నాళ్లకు సత్యవేణమ్మ మొహం చిట్లించింది.

"వీడేవిటే, ఎప్పుడూ నిక్కరు మీదే ఉంటాడు? నీ పెళ్లినాటికి వాడికి ఇరవై దాటాయి కదా."

హైమవతి, ఏనాడో పోయిన తన తండ్రి పడుచునాటి ఫొటోను స్కాన్ చేసింది. ఆయన నుదురూ మీసమూ తీసి ఫణి కళ్లకు జత చేసింది. ఒళ్లు పినతండ్రి కొడుకుది.

"మీసం ఇంకా పల్చగా పెట్టు. అది మీ నాన్నదిలా ఉంది, వాడిది కాదు," అంది తల్లి.

నా అద్దం మీదికి అబద్ధమనేది ఒక్కటీ రాలేదు. తండ్రి నిజం, పినతండ్రి కొడుకు నిజం, నిక్కరు వేసుకున్న పిల్లాడూ నిజం. వాళ్లను కలిపితే భూమ్మీద ఎన్నడూ నడవని ఒక యువకుడు తయారై నవ్వుతున్నాడు.

"ఇది ఎందాకా పోతుంది హైమా?" అన్నాడు భాస్కర్.

"అమ్మ నవ్వుతోందండీ. నవ్వనివ్వండి."

తండ్రి రిటైరైన రోజు ఫొటోలో ఆయన చెయ్యి పట్టుకుని ఉన్నది హైమవతి. దాన్ని చూసి సత్యవేణమ్మ, "నువ్వు కాస్త అటు జరగవే. తండ్రి పక్కన కొడుకుండాలి," అంది. హైమవతి తనను తాను పక్కకు జరిపింది. చోటు చాలక, తన భుజాన్ని తనే కత్తిరించేసుకుంది. "పాతవి దాచడం ఎందుకే?" అని తల్లి అంటుంటే, నేనిచ్చిన అసలు బొమ్మల మీదనే ఈ కొత్తవాటిని భద్రం చేసింది; దాంతో అసలువి చెరిగిపోయాయి.

కాగితం ఫొటోల సంగతి తల్లి చూసుకుంది. కూతురు స్కూలుకు వెళ్లినప్పుడు వాటన్నిటినీ ముక్కలు చేసి చెత్తబండికి ఇచ్చేసింది. "అవన్నీ తప్పు ఫొటోలే, వాడు లేడు వాటిలో," అంది కూతురు వచ్చి అడిగితే.

తర్వాతి వానాకాలంలో సత్యవేణమ్మ గుండె ఆగి పోయింది. తలకొరివి హైమవతే పెట్టింది. పదకొండో రోజున బంధువులు మేడ మీద భోజనాలు చేస్తుంటే, కింద హాల్లో టీవీలో ఆ పేజీలు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. ఎదురింట్లో కొత్తగా దిగిన వరాహలమ్మగారు వాటినే చూస్తూ కూర్చుంది.

"మీ తమ్ముడుగారు రాలేదాండీ?"

హైమవతి రిమోట్ కోసం వెతుక్కుంది.

"కొడుకుండగా మీరు పెట్టాల్సొచ్చిందా! కన్నతల్లి పోతే మొహం చూపించనివాడు ఏం మనిషండీ?"

"వాణ్నేమీ అనకండి," అంది హైమవతి. "వాడు పదేళ్లప్పుడే పోయాడండి."

వరాహలమ్మగారు టీవీ వైపు చూసింది. పెళ్లికూతురి పక్కన పల్చటి మీసంతో ఫణి నవ్వుతున్నాడు. ఆవిడ హైమవతి చెయ్యి పట్టుకుని, "అంత కోపం పెట్టుకోకండమ్మా. తోడబుట్టినవాడు. బతికున్నవాణ్ని పోయాడనకూడదు," అంది.

అందరూ వెళ్లిపోయాక హైమవతి నా పక్కన కంప్యూటర్ ముందు కూర్చుంది. పెళ్లి ఫొటోలోంచి ఫణిని తుడిచింది. వాడి వెనక ఉండాల్సిన పందిరి గుంజ గానీ, అక్కడ నిలబడిన మేనత్త గానీ ఇప్పుడు ఏ బొమ్మలోనూ మిగల్లేదు. మనిషి ఆకారంలో తెల్లటి ఖాళీ మిగిలింది. దాన్ని దేనితోనూ పూడ్చలేదు. కింద ఇలా రాసింది: "నా పెళ్లినాటికి నా తమ్ముడు లేడు." రాసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది. వాడి కోసం ఆ ఇంట్లో ఒక మనిషి పైకి ఏడవడం నేను వినడం అదే మొదలు.

మర్నాడు భాస్కర్ నన్ను అటక ఎక్కించాడు. మిగతా పేజీలన్నీ కంప్యూటర్‌లో అలాగే ఉన్నాయి. తుడిస్తే తండ్రి పక్కనా, తల్లి పక్కనా తెల్లటి బొక్కలు పడతాయి. ఉంచితే వాడు తల్లి చావుకి రాని కొడుకుగా మిగిలిపోతాడు. హైమవతి ఇంకా ఏమీ తేల్చుకోలేదు.