తోక తెగిన బోజ్

పెద్ద తోలుసంచి బోజ్, చిన్నది బోజెట్. కానీ ట్రోయ్ ఊరి సంతలో అందరిదీ తొందరే. బోజెట్‌కి చివరి 'ఎట్' తోక తెంచి బోజ్ అనేస్తారు. పెద్దది కావాలంటే పెద్ద బోజ్ అని అడగాలి. పాతికేళ్లుగా సంచులమ్ముతున్న హెర్సెంట్ చెవి ఆ లెక్కకే అలవాటుపడింది. అందుకే మఠం సరుకులు చూసే ఫ్రోమండ్ ఫాదరు ఆరు బోజ్‌లు చెప్పి వెళితే, ఆవిడ ఆరు చిన్నవి కుట్టించింది. ఆయనది పుస్తకాల భాష అని గుర్తుకు రాలేదు.

మధ్యాహ్నం గంట కొట్టగానే ఆరుగురు సన్యాసులు రోముకు కాలినడకన బయలుదేరాలి. పొద్దున వచ్చిన ఫ్రోమండ్ ఒక సంచి తెరిచి చూశాడు.

"ఇందులో నా చెప్పు పడుతుందమ్మా. ఒకటే" అన్నాడు.

 హెర్సెంట్ అంగడి మఠం గోడకు ఆనుకుని ఉంది. ఏటేటా ఆ చోటు దక్కేది ఆయన మాట మీదే. పెద్ద సంచి కుట్టాలంటే రెండు రోజులు పడుతుంది.

డెబ్బై ఏళ్ల ఓదార్, ఆమె దగ్గర కుట్టుపనివాడు, లేచాడు. అమ్మకానికి వేలాడుతున్న మరో ఆరు బోజెట్‌లు దించాడు. రెండేసి సంచులను అరచేతి వెడల్పు తోలుపట్టీతో కలిపి కుట్టుకుంటూ పోయాడు. ఆ సూది నడక చూస్తూ హెర్సెంట్ దారం అందించడమే మరిచిపోయింది. గంట కొట్టడానికి ఇంకా కాస్త వ్యవధి ఉండగానే ఆరో జత పూర్తయింది. ఓదార్ ఒకటి తీసి ఫ్రోమండ్ భుజాన వేశాడు. ఒక సంచి రొమ్ము మీదికి, ఒకటి వీపు మీదికి సమంగా దిగాయి.

"నేనడిగింది బోజ్ కదా" అన్నాడు ఫ్రోమండ్, అటూ ఇటూ నడిచి చూస్తూ.

"ఇది బెసాస్ ఫాదర్‌గారూ. బిస్ అంటే రెండుసార్లని మీ గోడవతల పిల్లలు రోము భాషలో ఎక్కాలు చదువుతుంటే విన్నా. సాక్ అంటే సంచి. మీరు ఒకటి అడిగారు, అమ్మ రెండిస్తోంది" అన్నాడు ఓదార్.

ఫ్రోమండ్ నవ్వాడు. బోజ్ అనే మాటను రోమన్లు తమ గాల్ పూర్వీకుల దగ్గరే తీసుకుని బుల్గా అన్నారని పాత గ్రంథంలో ఉందని చెప్పాడు.

"మన సంచి పేరు మాకంటే ముందే రోము చూసింది తాతా. ఈ చోటు వచ్చే ఏడూ మీదే" అంటూ వెళ్లాడు.

హెర్సెంట్ లెక్క వేసుకుంది. పోయింది ఆరు చిన్న సంచులు, మిగిలింది అంగడి. పైగా అమ్మడానికో కొత్త సరుకు. ఓదార్ పీటను వెనక చీకటి మూల నుంచి తెచ్చి వీధి వెలుగులో వేసింది.

ఇప్పుడు ఎవరు బోజ్ అన్నా ఆవిడ ముందు అడిగేది ఒకటే: "తోకతోనా, లేకుండానా?"