ఊ కొట్టే మనిషి

ముందే ఒప్పేసుకోవడం మంచిది. ఇది పుస్తకాల గురించిన కథే గానీ ఇందులో ఎవరూ పుస్తకం తెరవరు. కిరణ్మయి ఆఖరిసారి అచ్చు పుస్తకం చేతపట్టింది ఇంజినీరింగ్ ఫైనలియర్‌లో, అదీ పరీక్ష గట్టెక్కడానికి. ఆ తర్వాత ఆమె చదివిందంతా చెవులతోనే. దాన్ని చదవడం అనొచ్చా అని మూతి విరిచేవాళ్లుంటారు. వాళ్లతో వాదించి వాదించి కిరణ్మయి ఎప్పుడో అలిసిపోయింది కాబట్టి మనం ఆ గొడవలోకి వెళ్లొద్దు.

2014లో ఆమె ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఉద్యోగం. ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ ఆడియోబుక్కుల్లో తప్పులు పట్టడం వ్యసనం. ఆ వ్యసనం కోసం ఒక బ్లాగు పెట్టుకుంది. చదివేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే అయినా అభిప్రాయాలకు మాత్రం లోటు లేదు.

డ్రాగన్లన్నిటికీ గొంతునొప్పి ఎందుకుంటుందని ఒకసారి రాసింది. వేల ఏళ్లు బతికిన ప్రాణి, ఒక్కరోజైనా ఉప్పునీళ్లు పుక్కిలించలేదా? ఆడ రోబో అనగానే పక్కగదిలో పసిపిల్ల నిద్రపోతున్నట్టు గుసగుసలెందుకు? అచ్చు పుస్తకం కొన్నవాడికి మొదటి పేజీలో మ్యాపు దొరుకుతుంది, వినేవాడికి ఏం దొరుకుతుంది? ఆ మ్యాపు లేకపోబట్టి ఆమె మూడు రాజ్యాలు దాటేదాకా ఉత్తరాన్ని దక్షిణం అనుకుని నడిచింది. నెలంతా ప్రాణంగా విన్న కథానాయకుడి పేరుకి స్పెల్లింగ్ తెలియక నెట్‌లో వెతికితే ఒక నార్వే ఫర్నిచర్ కంపెనీ వచ్చింది.

ఆమెకి కొన్ని సూత్రాలు కూడా ఉన్నాయి. అంట్లు తోముతూ ఫాంటసీ వినొచ్చు. ఒక రాజు పోతే ఇంకో రాజొస్తాడు, గిన్నె చెయ్యి జారదు. సైన్స్ ఫిక్షన్ మాత్రం నడుస్తూనే వినాలి. పోపు పెడుతూ విన్నావా, ఆవాలు మాడతాయి, ఓడ ఏ గ్రహానికి బయల్దేరిందో కూడా తెలియదు. అన్నిటికన్నా ముఖ్యమైన సూత్రం, ఏదైనా సరే ఒకటీ ముప్పావు స్పీడులో వినాలి. మామూలు స్పీడులో చదివేవాళ్లంతా ఆమె చెవికి దగ్గుమందు తాగి కూర్చున్నట్టుంటారు.

ఆమె అద్దెకున్నది వాక్లీ కొండ మీద జ్ఞానకుమారి ఆంటీ ఇంట్లో, వెనక గదిలో. ఆంటీది బాపట్ల. పెద్దాసుపత్రిలో నర్సు. ఆదివారం చర్చి, మిగతా రోజులు డ్యూటీల రోటా ఎలా చెప్తే అలా. ఆమెకో అలవాటుంది. ఎవరు ఏం చెప్తున్నా మధ్యమధ్యలో ఊ కొడుతుంది. వార్డులో కొత్తగా వచ్చిన డాక్టర్లు తమ మాట ఆమెకి నచ్చలేదేమో అని కంగారుపడి, చెప్పిందే ఇంకోసారి మర్యాదగా చెప్తారు.

ఒకరోజు కిరణ్మయి ఫోన్‌ని స్టీలు గ్లాసులో నిలబెట్టుకుని, అందులోంచి మోగుతున్న ఏదో యుద్ధం వింటూ గిన్నెలు కడుగుతోంది. వెనకనుంచి "ఊ" అని వినిపించింది. ఆంటీ యూనిఫాంలోనే టీ కప్పు పట్టుకుని నిలబడి ఉంది.

"ఆంటీ, ఆయప్పకి మీ ఊ వినపడదు."

"వినపడకపోతే మానె. ఒక మనిషి అంత కష్టపడి కథ చెప్తంటే ఊ కొట్టకపోతే ఎట్టా అమ్మాయ్, గోడకి చెప్పుకున్నట్టు?"

"ఆయప్ప ఎప్పుడో స్టూడియోలో చెప్పేసి ఇంటికి పోయినాడు ఆంటీ."

"అందుకేనేమో అంత తొందర. ఎవురో తరుముతున్నట్టు చదవతన్నాడు." ఆంటీ టీ తాగుతూ మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఆ తొందర చదివేవాడిది కాదని, స్పీడు తనే పెట్టానని కిరణ్మయి చెప్పలేదు.

ఇంతమంది తప్పులు పట్టిన మనిషి, ఎవరికీ చెప్పకుండా తను కూడా ఒక కథ రాసుకుంది. పేరు "చందమామ వెనక పోస్టాఫీసు". చంద్రుడికి అవతలి వైపు, భూమి సిగ్నలు అందని చోట, ఒక పోస్టాఫీసు. అందులో ఆదిలక్ష్మి అనే పోస్టుమాస్టరు, ఒక పాత రోబో. ఎప్పుడో ఒకసారి ఉత్తరాల సంచి వస్తుంది. మిగతా కాలమంతా ఆదిలక్ష్మి కాఫీ కలుపుకుంటుంది, కిటికీలోంచి చీకటి చూస్తుంది, రోబోతో పోట్లాడుతుంది. పెద్దగా ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడంలోనే ఆ కథ ఉంది.

ఎవరికీ చెప్పలేదన్నాను గానీ తేజకి చెప్పింది. తేజ అనంతపురంలో ఆమె ఇంజినీరింగ్ క్లాస్‌మేట్, ఇప్పుడు లండన్ హారోలో "చెవిపోగు" అనే కొత్త ఆడియోబుక్కుల యాప్ చేసే కంపెనీలో పనిచేస్తున్నాడు. తమిళం, హిందీ అయిపోయాయి, తెలుగులో మొదటి పుస్తకం కావాలి. అతను కిరణ్మయి కథని ఇంగ్లీషులో చెప్పి మేనేజరు ముందు పెట్టాడు. మేనేజరు సరేనన్నాడు. హైదరాబాద్ నుంచి రామమోహనరావు గారనే పెద్దాయన మొదటి అధ్యాయం చదివి, రికార్డు చేసి పంపారు కూడా.

కిరణ్మయి అది వింది. గొంతు బాగుంది, అందులో సందేహం లేదు. ఆ గొంతుతో తుఫాను హెచ్చరిక చదివితే జనం క్షణాల్లో ఊళ్లు ఖాళీ చేస్తారు. చిక్కేమిటంటే "ఆదిలక్ష్మి కాఫీ కలుపుకుంది" అన్నది కూడా ఆయన అలాగే చదివారు.

ఆమె ఫోన్ తీసి తేజకి చేసింది. "నేనే చదువుతా."

"నీకేం అనుభవం ఉంది మే?"

"పదేండ్ల నుంచి వింటాండా కదప్పా."

"వినేదానికి, చదివేదానికి తేడా లేదా? సరే, సోమవారం లోపల మొదటి చాప్టరు పంపు. బాస్ రెండూ వింటాడు. ఏది బాగుంటే అది. మళ్లీ మార్చేది ఉండదు, చెప్తాండా."

మార్చేది ఉండదన్న మాట ఆమెకి గుచ్చుకుంది. వినేవాళ్లకి తెలిసిన సంగతి ఇది: మొదటిసారి ఎవరి గొంతులో విన్నామో ఆ పాత్రకి జన్మంతా అదే గొంతు. తర్వాత ఎంత మంచివాళ్లు చదివినా వాళ్లు సవతి గొంతులే. ఆదిలక్ష్మి ఒకసారి తుఫాను హెచ్చరికగా బయటికి వెళ్లిందంటే రాసిన మనిషి కూడా ఆమెని వెనక్కి తెచ్చుకోలేదు.

కిరణ్మయి వార్డ్‌రోబ్‌లో చలికోట్ల మధ్య దూరింది. కోట్లు చప్పుడుని పీల్చుకుంటాయని ఎక్కడో చదివింది, అంటే వింది. ఒడిలో లాప్‌టాప్, ముక్కు దగ్గర మైకు. చదివింది. తిరిగి వింది. చక్కగా ఉంది, ఎక్కడా సాగదీత లేదు. పంపింది.

తేజ ఫోన్ చేశాడు. "ఏమ్మే, ఫైలు ఫాస్ట్ ఫార్వర్డ్‌లో పంపిచ్చినావా?"

"లేదే."

"మరి ఆదిలక్ష్మికి ఏమన్నా బస్సు తప్పిపోతాందా?"

ఆమె వాదించబోయి, ఫైలు పొడుగు చూసింది. రామమోహనరావు గారు అదే అధ్యాయానికి తీసుకున్న సమయంలో సగం కాస్త దాటిందంతే. ఇన్నేళ్లూ ఒకటీ ముప్పావు స్పీడులో విని విని, చదవడమంటే ఆ వేగమేనని ఆమె నాలుకే నమ్మేసింది.

అయితే మెల్లగా చదివితే సరి. మైకు ఎదురుగా ఉన్న కోటు మీద "మెల్లగా" అని కాగితం అంటించి చదివింది. ఈసారి డాక్టరు క్లినిక్ రిసెప్షన్‌కి ఫోన్లో ఇంటిపేరు స్పెల్లింగ్ చెప్తున్నట్టొచ్చింది. రెండు వాక్యాలు మెల్లగా నడిచి, మూడో దాంట్లో గుర్రం మళ్లీ పరుగు. ఎక్కడ ఆగాలో ఆమెకి అర్థం కావడం లేదు. కోటుకేమో ముఖం లేదాయె.

శనివారం మధ్యాహ్నం పక్కింటాయన పెరట్లో గడ్డి కోసే మెషీన్ మొదలుపెట్టాడు. వెనక గది పనికిరాకుండా పోయింది. కిరణ్మయి మైకు పట్టుకుని ముందు గదిలోకి వచ్చింది. ఆంటీకి ఆరోజు డే ఆఫ్. సోఫాలో కాళ్లు ముడుచుకుని వెల్లుల్లి వలుస్తోంది.

"ఆంటీ, ఒక్క అర్ధగంట. మీరు కూర్చోండి, మాట్లాడకుంటే చాలు."

"నేనెందుకు మాట్లాడతా, నీ పని నువ్వు చేసుకో."

కిరణ్మయి చదవడం మొదలుపెట్టింది. చంద్రుడి వెనక చీకటి, రేకుల కప్పు, గోడ మీద పోయిన ఏడాది క్యాలెండరు.

"ఊ" అంది ఆంటీ.

"ఆంటీ."

"అయ్యో, నోరు ఊరుకోదు. చదువు."

ఆదిలక్ష్మి తలుపు తీసింది. ఊ. సంచి వచ్చింది. ఊ. సంచిలో ఒకే ఒక్క ఉత్తరం ఉంది. ఊఁ, ఇది కొంచెం పొడుగ్గా. కిరణ్మయి ఆపి మళ్లీ మొదలుపెడదామనుకుంది గానీ, పక్కింటి మెషీన్ ఎప్పుడు ఇటువైపు తిరుగుతుందో తెలియదు. ఊలని తర్వాత కోసేసుకోవచ్చులెమ్మని ముందుకే వెళ్లింది. కాసేపటికి ఊ రాలేదు. తలెత్తి చూసింది. ఆంటీ చేతిలో వెల్లుల్లి పాయ సగం వలిచి ఆగిపోయి ఉంది.

"ఏమైంది ఆంటీ?"

"ఆ ఉత్తరం ఎవురికొచ్చిందే? చెప్పకుండా పోతన్నావు."

"చెప్పినా కదా."

"చెప్పావేమో. నాకు అందలా."

కిరణ్మయి వెనక్కి వెళ్లి ఆ వాక్యాన్ని మళ్లీ చదివింది. ఉత్తరం మీద రాసున్నది ఆదిలక్ష్మి పేరే. అందరి ఉత్తరాలూ అందరికీ పంచే మనిషికి మొదటిసారి ఉత్తరమొచ్చింది. ఇందాక ఆ మాట మీదనుంచి బండి పోనిచ్చేసింది. ఇప్పుడు చదివి ఆగింది. గదిలో వెల్లుల్లి పొట్టు చప్పుడు కూడా లేదు.

"ఊ..." అంది ఆంటీ, చాలా నెమ్మదిగా. తర్వాత ఉండబట్టలేక, "అసలా పిల్లకి రిలీవర్ లేకుండా అక్కడ పోస్టింగేంది? లీవెవురిస్తారు? యూనియన్‌కి రాయదా?"

"సైన్స్ ఫిక్షన్ ఆంటీ ఇది."

"అయితే? సైన్స్ ఫిక్షన్‌లో అయితే లీవక్కర్లేదా? సర్లే, చదువు."

అధ్యాయం అయిపోయేసరికి వెల్లుల్లి కూడా అయిపోయింది. కిరణ్మయి గదిలోకి వెళ్లి వింది. ఆదిలక్ష్మి ఉంది. నడుస్తోంది, నిలబడుతోంది, కిటికీలోంచి చూస్తోంది. ఇంక ఊలు తీసేస్తే చాలు. ఒక్కొక్క ఊనీ పట్టుకుని కోసింది, దాని స్థానంలో అంతే నిశ్శబ్దం ఉంచింది. ఆంటీ కబుర్లు సరే, అవి మొత్తం పోయాయి. ఫైలు చెవిపోగులోకి అప్‌లోడ్ చేసింది.

యాప్‌లో అది ఎలా మోగుతుందో చూద్దామని తెరిచి వింటే మళ్లీ పాత గుర్రం. ఆదిలక్ష్మి ఉత్తరం అందుకోవడం, విప్పడం, చదవడం ఒకే ఊపిరిలో అయిపోయాయి.

"నా ఫైలుని ఎవరో కొరికినారు," అంది తేజకి ఫోన్ చేసి.

"ఎవరూ కాదు మే. అర సెకను దాటిన సైలెన్స్ వచ్చిందంటే మా సిస్టం దానంతట అదే కోసేస్తాది. డేటా తగ్గుతాది కదా."

"అది బగ్గు."

"ఫీచరు."

"బగ్గే. ఆపెయ్యి."

"నా చేతిలో ల్యా. బాస్ ముద్దుగా పెంచుకున్నాడు దాన్ని."

కిరణ్మయి రెండు ఫైళ్లనీ ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. ఊలు తీసేస్తే ఆగిన చోట్లన్నీ పోతాయి, ఆదిలక్ష్మి పరిగెడుతుంది. ఊలు ఉంచితే అవి నిశ్శబ్దం కాదు కాబట్టి సిస్టం వాటిని ముట్టుకోదు. కానీ కంపెనీ రూల్స్‌లో మొదటిదే, ఒక పుస్తకానికి ఒక్క గొంతు. వెనకాల ఇంకో మనిషి మూలుగుతున్న రికార్డింగుని ఎవరైనా వెంటనే పక్కన పడేస్తారు. అప్పుడు మిగిలేది తుఫాను హెచ్చరిక. నిజానికి ఇలాంటి రికార్డింగు ఎవరైనా పంపుంటే, ఇదే కిరణ్మయి బ్లాగులో చీల్చి చెండాడి ఉండేది.

ఆంటీ అడిగిన ప్రశ్నలు, యూనియన్ సంగతి మాత్రం తీసేసింది. ఊలన్నీ ఉంచింది. పొడుగువి, పొట్టివి, ఆ ఉత్తరం దగ్గర వచ్చిన నెమ్మదైనది కూడా. సోమవారం పొద్దున ఆఫీసుకి బస్సెక్కే ముందు పంపి, ఫోన్ బ్యాగులో అడుక్కి తోసేసింది.

బుధవారం తేజ చేశాడు. "బాస్‌కి తెలుగు రాదు, తెలుసు కదా. రామమోహనరావు గారిది వింటా ఈమెయిల్స్ చూసుకున్నాడు."

"నాది?"

"చూసుకోల్యా."

"అంతేనా? ఏమీ అనలేదా?"

"వెనకాల ఎవరది అన్నాడు. మా తెలుగోళ్లు కథ వింటే అట్లే అంటారు సార్ అని చెప్పినా. ఆ ఒక్క గొంతు రూలు మార్చి రాయమన్నాడు. మే, ఆయమ్మ మిగతా చాప్టర్లకి కూడా ఉంటాదా? ల్యాకుంటే ఒప్పుకోడంట."

కిరణ్మయి సాయంత్రం వంటగదిలో ఫ్రిజ్ మీదున్న రోటా ముందు నిలబడి ఆంటీకి అంతా చెప్పింది. ఆంటీ సగం నమ్మింది.

"నేను ఊ తప్ప ఏమన్నానే?"

"అదే కావాల ఆంటీ."

"పేరు కూడా వేస్తారా? మా చర్చిలో ఎవురన్నా వింటే ఏమనుకుంటారు, చంద్రుడి మీద దేవుడి ప్రస్తావనే లేదు." రోటా మీద వేలు పెట్టి కిందికి జరిపింది. "సరే గాని, పన్నెండు గంటల లాంగ్ డే చేసొచ్చిన రోజు మాత్రం అడగమాక. నిద్దర మొహంతో కూర్చుంటే ఊ అబద్ధంగా పడతది."

ఆ లెక్కన ఈ నెలలో దొరికేవి నాలుగు మధ్యాహ్నాలు. కిరణ్మయి వాటి చుట్టూ పెన్నుతో సున్నాలు చుట్టింది. రెండో అధ్యాయం చదివిన రోజున రోబో మాటలు తలకెక్కక ఆంటీ చాలా సేపు ఊ కొట్టలేదు. కిరణ్మయి ఆ పేజీ తిరగరాయాల్సి వచ్చింది, కొంచెం గొణుక్కుంటూనే.

ఇంతా జరిగాక ఆమె మారిపోయిందనుకునేరు. లేదు. పక్కవాళ్ల పుస్తకాలు ఇప్పటికీ ఒకటీ ముప్పావు స్పీడులోనే వింటుంది, డ్రాగన్ల గొంతునొప్పి మీద ఇంకా రాస్తూనే ఉంది. తను చదివేటప్పుడు మాత్రం ఎదురుగా మనిషి లేకుండా మైకు ముట్టుకోదు.

మీ సంగతేమిటి? మీ ఇంట్లో కథ చెప్పేదెవరు, ఊ కొట్టేదెవరు? నిద్ర మొహంతో అబద్ధపు ఊ కొట్టి దొరికిపోయారా ఎప్పుడైనా? తీరిగ్గా చెప్పండి, ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగి మరీ చెప్పండి. ఇక్కడ నిశ్శబ్దాన్ని ఎవరూ కోసెయ్యరు.